ఏ బస్సు వస్తుందో ఎక్కేదాకా తెలియదు: యూరప్ రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

యూరోపియన్ కమిషన్ రవాణా కమిషనర్ గారికి,

నమస్కారం. దేశాలు దాటే రాత్రి బస్సుల్లో తరచూ తిరిగేదాన్ని. ఈమధ్య ఒకే సంస్థ దగ్గర రానూపోనూ టికెట్లు కొన్నాను. వెళ్లేటప్పుడు శుభ్రమైన టాయిలెట్, పనిచేసే చార్జింగ్, ఎక్కడెంతసేపు ఆగుతామో ముందే చెప్పిన డ్రైవరు. తిరిగొచ్చేటప్పుడు టాయిలెట్‌కి తాళం, వెనక్కి వాలని సీటు, అడిగితే విసుగు. రంగు ఒకటే, పేరు ఒకటే, బస్సు నడిపేది మాత్రం వేరే ఆపరేటరట. ఆ సంగతి ఎక్కాకే తెలిసింది.

డ్రైవరు విరామం మీద నాకే ఫిర్యాదూ లేదు. నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కి 45 నిమిషాల విశ్రాంతి ఉండాల్సిందే. స్టీరింగ్ ముందు కునికిపాట్లు పడేవాడికన్నా ఆలస్యమే నయం.

చట్టం లేదనీ అనను. 2013 మార్చి నుంచి అమల్లో ఉన్న 181/2011 రెగ్యులేషన్ (బస్సు ప్రయాణికుల హక్కులపై యూరోపియన్ యూనియన్ చట్టం) ప్రకారం, 250 కిలోమీటర్లు, ఆపైన నడిచే సర్వీసు రెండు గంటలకు మించి ఆలస్యంగా బయలుదేరితే డబ్బు వాపసు తీసుకోవచ్చు, లేదా వేరే దారిలో గమ్యం చేరవచ్చు. మూడు గంటలకు మించిన ప్రయాణమైతే, బయలుదేరడంలో ఆలస్యం గంటన్నర దాటాక తినడానికేమైనా ఇవ్వాలి, అవసరమైతే రాత్రి బస చూపాలి.

మెలికంతా 'టెర్మినల్' అన్న మాటలో ఉంది. చట్టం లెక్కలో టెర్మినల్ అంటే సిబ్బంది ఉండే చోటు. తిండీ బసా అక్కడివాళ్లకే. ఆలస్యమైన బస్సు కోసం నేను ఆ రాత్రి నిలబడింది హైవే పక్క పార్కింగ్ స్థలంలో. బెంచీ లేదు, పైకప్పు లేదు, అడగడానికి మనిషి లేడు. ఎవరికి సాయం ఎక్కువ అవసరమో వాళ్లనే వదిలేసినట్టయింది. పైగా ఆలస్యం అంటే బయలుదేరడంలో ఆలస్యమే. సమయానికి కదిలి, దారిలో ఐదు గంటలు పోగొట్టుకుంటే దానికి పరిహారం లేదు.

అందుకే అడుగుతున్నాను. డబ్బు కట్టకముందే బస్సు నడిపేదెవరో, అందులో ఏమేం ఉన్నాయో టికెట్టు మీద కనపడాలి. ఉందన్నది లేకపోతే ధరలో కొంత తిరిగివ్వాలి, అదీ టికెట్టు అమ్మినవాళ్లే. సాయం ఎంతసేపు నిలబెట్టారన్నదాన్ని బట్టి రావాలి, ఎక్కడ నిలబెట్టారన్నదాన్ని బట్టి కాదు.

ఫిర్యాదు పంపితే టికెట్టు అమ్మినవాళ్లు ఆపరేటర్ని అడగమన్నారు. ఆపరేటరు టికెట్టు అమ్మినవాళ్లనే అడగమన్నాడు. నెలలోగా ఏదో ఒక జవాబు, మూడు నెలల్లోగా తుది జవాబు ఇవ్వాలని మీ నిబంధనే చెబుతోంది. ఎవరివ్వాలో మీరైనా చెప్పండి.

ఇట్లు,
ఒక ప్రయాణికురాలు