ఆవ ఘాటున్న వేరు

అమ్మా,

ఇక్కడ నేను క్షేమం. ఆవకాయకి ఆవపిండి కొట్టించావని చెల్లి చెప్పింది. అది విన్నప్పటి నుంచీ నీకు ఇక్కడి క్రెన్ అనే వేరు గురించి రాయాలనుంది. మిగతా జర్మనీలో మేర్‌రెట్టిష్ అంటారు, మా బవేరియా వాళ్లకీ ఆస్ట్రియా వాళ్లకీ క్రెన్. ఇంగ్లీషులో హార్స్‌ర్యాడిష్.

చూడ్డానికి మట్టి కొట్టుకున్న కర్రపెండలమే. ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాదు. చెక్కు తీసి కోరడం మొదలుపెట్టామా, కళ్ల నీళ్లు, నషాళానికి ఘాటు! కిటికీ తెరిస్తే గానీ కోరలేం. మిరపకాయలా నాలుక మండదు, కొత్త ఆవపిండి ముక్కుకి పట్టేస్తుందే, అలా. పట్టదూ మరి, రెండూ ఒకే కుటుంబం, ఘాటు పుట్టించే పదార్థమూ ఒకటే. వేరు చితికాకే అది పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. నువ్వు పనసపొట్టు కూర దించాక ఆవ పెట్టినట్టే, వీళ్లూ సాసులో క్రెన్ ఆఖర్నే కలుపుతారు. వెనిగర్ పోస్తే ఘాటు పెరగడం అక్కడితో ఆగుతుంది. కోరగానే పోస్తే కాస్త సౌమ్యం, రెండు మూడు నిమిషాలాగి పోస్తే తిన్నవాడి పని అయిపోయినట్టే.

ఎర్లాంగెన్ పక్కన బైయర్స్‌డోర్ఫ్ అనే ఊళ్లో దీనికో మ్యూజియమే ఉంది. వెనకటికి ఆడవాళ్లు బుట్టల్లో ఊరూరా తిప్పి అమ్మేవారట. ఇక్కడ పెళ్లి భోజనమంటే ఉడికించిన గొడ్డుమాంసం, క్రెన్ సాసు. వియన్నాలో ఆపిల్ కోరి కలుపుతారు, నాకు అదే నచ్చింది. యూదులు పస్కా పండుగకి బానిసత్వం గుర్తుగా చేదు ఆకు తినాలి. చలిదేశాల్లో అప్పటికి ఆకుకూరలు రాక, ఈ వేరునే పెట్టుకున్నారు. చెల్లి ఫొటో పంపిన సుషీ పక్కన ఆకుపచ్చ ముద్ద ఉందే, వసాబి అని అమ్మేది, అదీ చాలాచోట్ల రంగేసిన ఈ వేరే.

నాన్నకి ఇంకోటి చెప్పు. మన దేశంలో ఉన్న ఇంగ్లీషు దొరలు ఇది దొరక్క మునగవేరు కోరుకుని మాంసంలో నంజుకునేవారు. ఆయన మాత్రం పెరట్లో తవ్వేయకూడదు, ఆ వేరులో విషపదార్థాలున్నాయి.

మొన్న అరటికాయ కూరలో ఆవకి బదులు క్రెన్ పెట్టాను. బాగానే కుదిరింది గానీ చింతపండు పులుసు వల్లో ఏమో, ఘాటు తగ్గింది. నువ్వు ఆవ నూరి కాసేపు ఉంచి కలుపుతావా, వెంటనే కలిపేస్తావా? రాయి.

నీ
చిన్ని