అది ఆర్కిడ్ కాదు, పీకే పని లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో 'గుట్ట మీద వింత పువ్వు' అని ఒక ఫొటో వేశారు. ఎవరో కుర్రాడు మొక్కను గడ్డతో సహా పీకి చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. ఫోన్‌లో యాప్ ఆర్కిడ్ అందట, మీరూ కింద అదే వేశారు. ఆర్కిడ్ కాదండీ. ఫొటోలో కనిపించినంత వరకు అది సెరోపీజియా స్పైరాలిస్, దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా పుట్టని మొక్క. నమ్మబుద్ధి కాదు గానీ ఇది జిల్లేడుకు చుట్టం. కాయ పగిలితే జిల్లేడు లాగే దూదితో గింజలు ఎగిరిపోతాయి.

గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. పువ్వు సన్నటి గొట్టం, అడుగున కాస్త ఉబ్బు, పైన అయిదు సన్నని రేకులు తాడు పేనినట్టు మెలి తిరిగి కొసన కలిసిపోతాయి. స్పైరాలిస్ అన్న పేరు ఆ మెలిక వల్లే. ఆకులు చూస్తే అచ్చం గడ్డి పరకలు, అందుకే పువ్వు లేనప్పుడు బోదగడ్డి మధ్య దాని పక్కనే కూర్చున్నా కనబడదు. కానీ కణుపు కణుపుకూ రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, గడ్డికి అలా ఉండవు. దీని చుట్టాల్లో చాలా మటుకు తీగలు, ఇది మాత్రం నిలబడి పెరుగుతుంది.

ఆ కుర్రాణ్ని తిట్టడానికి నాకు అర్హత లేదు, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే పని చేశాను. పేరు తెలుసుకోవాలన్న ఆత్రంలో మా గుట్ట మీద ఉన్న ఒకే ఒక్క మొక్కను గునపంతో తవ్వి తెచ్చి కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోశాను, వారానికల్లా గడ్డ కుళ్లిపోయింది. రాలిన పువ్వును బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే లోపల రెండు నలుసంత ఈగలు, ప్రాణంతోనే ఉన్నాయి! వాసనకు వచ్చి గొట్టంలోకి జారితే లోపలి వెంట్రుకలు కిందికి తిరిగి ఉంటాయి కాబట్టి పైకి రాలేవు. ఈలోగా పుప్పొడి వాటికి అంటుకుంటుంది, వెంట్రుకలు వాడిపోయాక పువ్వు వాటిని వదిలేస్తుంది. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వెళ్లి వెతికినా ఆ గుట్ట మీద నాకు ఇంకో మొక్క దొరకలేదు.

ఇప్పుడా గుట్టకు వేరే టెన్షన్ వచ్చి పడింది. ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి గడ్డి నేలలు చాలావరకు బంజరు కిందే జమ. బంజరంటే చెట్లు నాటాలి కదా, అందుకని మొన్న జేసీబీతో వరసగా గుంతలు తీశారు. పచ్చదనం పేరుతో పచ్చగడ్డినే తవ్వేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మీకు రెండు మనవులు. ఇలాంటి పువ్వు కనబడితే పీకకుండా పువ్వు పక్కనుంచి, పైనుంచి, ఆకు కాండానికి కలిసే చోటు, చుట్టూ ఉన్న నేల, ఇలా నాలుగు ఫొటోలు తీయమని పాఠకులకు చెప్పండి. వాటిని అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రం వాళ్లకో, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే కార్యాలయానికో పంపితే యాప్ కన్నా నయం. రెండోది, ఈసారి ఫొటో వేసినా ఊరి పేరు, గుట్ట పేరు వేయకండి, జిల్లా చాలు. మొన్న మీరు వేసిన రెండో రోజే ఆ గుట్ట ఎక్కడో చెప్పమని నాకే ముగ్గురు ఫోన్ చేశారు.

- ఒక పాఠకుడు, మదనపల్లె