చొక్కా జేబులో కార్డు

సంపాదకులకు,

మా ఆయనకు పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు. రైతుబజారులో అడుగు పడక ఆగిపోయి, మాట ముద్దగా వస్తే "పొద్దున్నే తాగొచ్చాడు" అన్నారు. అదైనా సర్దుకోవచ్చు. అసలు టెన్షన్ ఆస్పత్రిలో. వాంతులవుతున్నాయని ఓ నర్సింగ్ హోంలో మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేయబోయారు. మెదడులో ఒంటి కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునే ఆ మందు ఈ జబ్బున్నవాళ్లకు పడదు, ఒళ్లు మరింత బిగుసుకుపోతుంది. ఆయన జేబులోని కార్డు చూపిస్తే ఆపారు. జబ్బు పేరు, ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర వేసుకునే వేళలు, ఇవ్వకూడని మందులు, నా నంబరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి లామినేషన్ చేయించాను. ఆ మాత్ర గంట ఆలస్యమైతే ఆయన మంచం దిగలేరు మరి. ఫోన్‌లో పెట్టుకోవచ్చుగా అంటారు పిల్లలు. వణికే చేత్తో లాక్ తీసేదెవరు? ప్రభుత్వాసుపత్రుల న్యూరాలజీ ఓపీలో మందుల చీటీతో పాటే ఇలాంటి కార్డూ ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక గృహిణి, తెనాలి