బిల్లులో ‘ఛార్జీ’ అంటే ఏమిటో తెలుగులో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలోని ఒక పెద్దాయన రెండు నెలలు కూతురింట్లో ఉండి వచ్చి, తాళం వేసిన ఇంటికి పడిన కరెంటు బిల్లు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. “అయివారూ, మీటరే తిరగల్యా, ఈ ఛార్జీ యాడిది?” అని ఆయన ప్రశ్న. ఫిక్స్‌డ్ ఛార్జీ మనం రాయించుకున్న లోడును బట్టి కిలోవాట్ల లెక్కన పడుతుందనీ, కస్టమర్ ఛార్జీ కనెక్షన్ ఉన్నందుకు కట్టేదనీ, ట్రూఅప్ ఛార్జీ ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు వేసిన సర్దుబాటు అనీ విడమరిచి చెప్పేసరికి అరగంట పట్టింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకే అంత సమయం పడితే, అడిగే దిక్కు లేనివారు ఏం చేస్తారు? నోరు మూసుకొని కడతారు.

ఈ ‘ఛార్జీ’ అనే మాట పుట్టుక లాటిన్‌లో బండి అనే అర్థమున్న ‘కర్రుస్’. బండికి బరువెత్తడం అనే అర్థంతో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ఆ బరువు డబ్బయితే రుసుము, పనయితే బాధ్యత, నేరమయితే అభియోగం, బ్యాటరీలో నింపితే ఛార్జింగ్. చిత్రమేమంటే కట్టెల మోపు మోసిన మనవాళ్లు కూడా అదే దారిలో నడిచి నేరం మోపడం, పన్ను మోపడం అన్నారు. బస్సు ఛార్జీ, సెల్‌ఫోన్ ఛార్జింగ్ మన మాటలైపోయాయి, వాటి జోలికి నేను పోను.

మీ పత్రికతోనూ నాకొక పేచీ ఉంది. పోలీసులు కోర్టుకు ఇచ్చేది ఛార్జిషీటు, చట్టం దృష్టిలో అది పోలీసు నివేదిక మాత్రమే; దాన్ని పరిశీలించి ఛార్జి, అంటే అభియోగం, ఖరారు చేసేది న్యాయస్థానం. రెంటినీ ఒకే మాటతో కానిస్తే ఛార్జిషీటు పడగానే నేరం రుజువైందని పాఠకులు అనుకుంటున్నారు. ‘ఇన్‌ఛార్జి’ సంగతీ అంతే. జిల్లాను పర్యవేక్షించే మంత్రీ, ఖాళీ కుర్చీని తాత్కాలికంగా చూస్తున్న అధికారీ, ఏ పదవీ లేని పార్టీ నాయకుడూ అందరూ ఇన్‌ఛార్జులే కావడం వల్ల, అర్జీ ఎవరికివ్వాలో సామాన్యుడికి తెలియడం లేదు.

1820లో కొలువు మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొర తర్వాతి కాలంలో ఒక్కో మాటకు ఎన్ని అర్థాలుంటే అన్నీ విడివిడిగా రాసి నిఘంటువు కూర్చారు. ఆయన పేరిట వెలసిన భాషా పరిశోధన కేంద్రం మా ఊళ్లోనే ఉంది. అక్కడి పండితులను కూర్చోబెట్టి, కరెంటు బిల్లులోని ఒక్కో ఛార్జీ దేనికో, ఏ లెక్కన పడుతుందో ఒక్కొక్క తెలుగు వాక్యంలో రాయించి, బిల్లు వెనుక వైపు అచ్చువేయాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప