గెయిన్ పెంచితే గుండ్రం రాదు

సంపాదకులకు,

మిర్యాలగూడలో రైస్ మిల్లుల విడిభాగాలు చేసే షాపు కావచ్చు, జడ్చర్ల, చౌటుప్పల్‌లలో కంపెనీలకు జాబ్‌వర్కు చేసే షాపు కావచ్చు, పాత సి.ఎన్.సి. (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) మిల్లింగ్ మిషన్ కొన్నాక తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే: ఎండ్‌మిల్‌ను (కోసే పనిముట్టును) వలయంగా తిప్పి తీసిన బోరు (రంధ్రం) గుండ్రంగా రావట్లేదని. వెంటనే ఎవరో ఒకరు పారామీటర్లు (కంట్రోల్‌లోని సెట్టింగు అంకెలు) తెరిచి గెయిన్, అంటే తేడాను సర్దడానికి మోటారు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె, పెంచేస్తారు. పాత అంకెలు రాసిపెట్టుకోరు, కార్డులోకి బ్యాకప్ తీసుకోరు. ఆపై మిషన్ గుర్రుమంటుంది, బోరు మాత్రం అలాగే ఉంటుంది.

సర్వోలో, అంటే స్లైడులను నడిపే మోటారు వ్యవస్థలో, లూపులు (కొలిచి సరిదిద్దుకునే వలయాలు) మూడు, ఒకదాని లోపల ఒకటి. అన్నిటికన్నా లోపల కరెంటు, దానిపైన వేగం, బయట పొజిషన్. కరెంటు లూపును మోటారుకు తగ్గట్టు తయారీదారే పెట్టి పంపుతాడు, దాని జోలికి పోవద్దు. వేగం లూపు గట్టిగా లేకుండా పొజిషన్ గెయిన్ పెంచితే స్లైడు ఆగాల్సిన చోట ఆగక ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

ఈ మూడింటికన్నా ముందు చూడాల్సింది ఇనుము, అంటే మిషన్ యాంత్రిక భాగాలు. డయల్ గేజిని స్పిండిల్‌కు తగిలించి, టేబుల్ మీద బిగించిన బ్లాకుకు ఆనించి, హ్యాండ్‌వీల్‌ను 0.01 మి.మీ. స్టెప్పులో ఒక వైపు తిప్పి, వెనక్కి తిప్పండి. ముల్లు కదిలేలోపు అయిదు క్లిక్కులు ఖాళీగా పోతే 0.05 మి.మీ. ప్లే (వదులు) ఉన్నట్టే. ఫానుక్ కంట్రోల్ అయితే పారామీటర్ 1851లో ఉన్న బ్యాక్‌లాష్ అంకెను (ఈ ప్లేను సర్దే అంకెను) రాసిపెట్టుకుని, సున్నా చేసి మరీ ఈ పరీక్ష చేయాలి, లేకపోతే ప్లే దాక్కుంటుంది. తర్వాత కప్లింగ్ స్క్రూలు, స్క్రూ బేరింగ్ నట్టు, గిబ్ (స్లైడు వదులు సర్దే పట్టీ) చూసుకోవాలి. అరిగిన బాల్ స్క్రూకు (టేబుల్‌ను జరిపే స్క్రూకు) మధ్యలో ఒక ప్లే, చివర ఒక ప్లే ఉంటుంది. ఒక్క అంకె రెండు చోట్లా సరిపోదు. ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే పరికరం) మోటారు మీదే ఉంటే ఈ ప్లే కంట్రోల్‌కు కనపడనే కనపడదు. టేబుల్ స్థానాన్నే నేరుగా కొలిచే లీనియర్ స్కేలు ఉంటే కనపడుతుంది, కానీ గెయిన్ పెంచినకొద్దీ దాన్ని తరుముతూ టేబుల్ వణుకుతుంది.

ఇనుము సరిగా ఉందని తేలాక, మిషన్‌ను అరగంట తిప్పి, వైస్, జాబు బిగించి ఉంచే ట్యూన్ చేయాలి. ఖాళీ టేబుల్ మీద కుదిరిన అంకె బరువు పడ్డాక కుదరదు. వేగం గెయిన్‌ను పది శాతం చొప్పున పెంచుతూ, టేబుల్ రెండు చివర్లలోనూ, మధ్యలోనూ చెవి పెట్టి వినండి. గుర్రు మొదలైన అంకెలో డెబ్బై శాతానికి దించండి. జెడ్ యాక్సిస్ ముట్టేముందు హెడ్డు కింద చెక్క దిమ్మె తప్పనిసరి. బ్రేకు అరిగి ఉంటే సర్వో ఆఫ్ కాగానే హెడ్డు జారుతుంది.

అప్పుడు పొజిషన్ గెయిన్. పారామీటర్ 1825లో 3000 ఉంటే సెకనుకు 30 అని అర్థం. నిమిషానికి 6000 మి.మీ. ఫీడులో, ఫీడ్‌ఫార్వర్డ్ (వెనకబాటును ముందే అంచనా వేసి సర్దే సదుపాయం) లేకుండా, స్లైడు 3.3 మి.మీ. వెనకబడటం సహజం. దాన్ని చూసి కంగారు పడొద్దు. రెండు యాక్సిస్‌లూ సమానంగా వెనకబడటమే ముఖ్యం. ఎక్స్‌కు 30, వైకి 33 ఉన్నాయనుకోండి. నిమిషానికి 1000 మి.మీ. ఫీడులో ఒకటి 0.555, ఇంకోటి 0.505 మి.మీ. వెనకబడుతుంది. బోరు ఏటవాలుగా కోడిగుడ్డులా సాగి, రెండు మూలల (45 డిగ్రీల ఏటవాలు) కొలతల మధ్య దాదాపు 0.1 మి.మీ. తేడా వస్తుంది. బోరు వ్యాసం ఎంతైనా ఇంతే.

బాల్‌బార్ (మిషన్ గీసే వలయం ఎంత గుండ్రమో కొలిచే పరికరం) కొనలేని షాపుకు బోర్‌గేజి (బోరు వ్యాసం కొలిచే గేజి) చాలు. 0.1 మి.మీ. ఫినిషింగ్ కట్టుతో ఒక బోరు జీ02తో (గడియారం ముల్లు దిశలో), ఇంకోటి జీ03తో (ఎదురు దిశలో) తీసి, ఎక్స్, వై, రెండు మూలల వెంట కొలవండి. దిశ మార్చగానే సాగిన వైపు ఎదురు మూలకు మారితే గెయిన్ తేడా. మారకపోతే ఎక్స్, వై లంబంగా లేవు, అది ఫిట్టర్ పని. గడియారంలో 12, 3, 6, 9 అంకెలుండే చోట్ల మెట్టు పడితే బ్యాక్‌లాష్ లేదా రాపిడి. ఫీడు సగం చేసి చూడండి: గెయిన్ తేడా అయితే అదీ సగమవుతుంది, లంబం తప్పితే తగ్గదు. ర్యాపిడ్‌లో (కోత లేని వేగపు కదలికలో) మాత్రమే 411 అలారం (స్లైడు మరీ వెనకబడిందనే హెచ్చరిక) వస్తుంటే గెయిన్ జోలికి పోకముందు ఆ వేళ షాపులో ఓల్టేజీ ఎంతుందో చూడండి.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని 2024లో మొదలైంది. ప్రోగ్రాం ఎక్కించి స్టార్ట్ బటన్ నొక్కడం అక్కడ ఎలాగూ నేర్పుతారు. దాంతో ఆపకుండా, ఒక శిక్షణ మిషన్‌లో వై గెయిన్ 33 చేసి, 1851లో తప్పు అంకె వేసి విద్యార్థులకు అప్పగించమని మా మనవి. ఏ తప్పు ఎక్కడుందో బోర్‌గేజితో వాళ్లనే తేల్చనివ్వండి.

– కొందరు సి.ఎన్.సి. సర్వీసు మెకానిక్‌లు, జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా