రాత్రి గేటు దగ్గరి మనుషులు

అమ్మలూ,

ఐడీ కార్డు ఇంట్లో మరిచిపోయావనీ, రోజూ చూసే సెక్యూరిటీ ఆయనే నిన్ను గేటు దగ్గర ఆపి, మీ మేనేజర్ ఫోన్‌లో సరే అన్నాకే లోపలికి పంపాడనీ నిన్న కోపంగా చెప్పావు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. ఆ కోపంలో చెప్తే నువ్వు వినవని అప్పుడేమీ అనలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పుట్టకముందు నేను మాదాపూర్‌లో నైట్ డ్యూటీ చేసేవాణ్ణి. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఆ చుట్టుపక్కల ఒక్కో బిల్డింగూ లేస్తున్న రోజులవి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల పగలంతా మనకు రాత్రే. నేను సర్వర్ రూమ్‌లో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఆ వేళ పలకరించడానికి మనిషంటూ ఉంటే సెక్యూరిటీ వాళ్లే.

గేటు దగ్గర పలాస నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. అందరం పలాస బాబాయ్ అనేవాళ్లం. ఒక రాత్రి మా కంపెనీ పెద్దాయన బేగంపేట ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఆఫీసుకొచ్చారు. కార్డు ఏ పెట్టెలో ఉందో ఆయనకే తెలీదు. బాబాయ్ మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, విజిటర్ రిజిస్టర్ ముందు పెట్టారు. పేరు, ఊరు, వచ్చిన టైమ్ అన్నీ రాశాక 'ఎవరిని కలవాలి' అనే గడి వచ్చింది. మా పెద్దాయన కాసేపు ఆలోచించి అక్కడా తన పేరే రాశారు. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, ఇంటర్‌కమ్ లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందకి వెతికి, ఆ పేరు పట్టుకున్నారు.

"ఆ సారు రాత్రిపూట ఉండరు బాబూ. పొద్దున్న తొమ్మిదికి రండి, దొరుకుతారు."

నన్ను కిందకి పిలిపించారు కాబట్టి ఈ మాట నా చెవులతో విన్నాను. మా పెద్దాయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నేను ఆయన్ని గుర్తుపట్టి సంతకం పెట్టాక గానీ బాబాయ్ తలుపు తియ్యలేదు. వెళ్లేటప్పుడు విజిటర్ బ్యాడ్జీ అడిగి మరీ తీసుకున్నారు. రాత్రి ఎనిమిదికి వచ్చి పొద్దున్న ఎనిమిదికి వెళ్లే మనిషికి పగటి పెద్దలు ఎలా తెలుస్తారు చెప్పు? ఆయనకు కనిపించేది కార్డు ఒక్కటే.

మూడో అంతస్తుకి మక్తల్ నుంచి ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. వచ్చిన మొదటి వారమే, తెల్లవారుజామున మూడింటికి ఆయాసపడుతూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "సార్, పైన ఎవ్వరు లేరు గానీ కాయితాలు వస్తున్నయ్!" అప్పటికి సగం హనుమాన్ చాలీసా అయిపోయిందట. వాణ్ణి వెంటబెట్టుకెళ్లి ప్రింటర్ చూపించాను. రోజు లెక్కలు అయిపోగానే అమెరికా ఆఫీసు వాళ్లు అక్కణ్ణుంచే రిపోర్టులు పంపిస్తారని, మనిషి అక్కర్లేదని వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడు వాడి రిజిస్టర్‌లో ఇలా ఉంది: "3.10కి అమెరికా నుండి కాగితాలు వచ్చినవి. ఎవరూ తేలేదు. భద్రపరిచినాను." ఆ తర్వాత రోజూ ఆ కాగితాలు వరస తప్పకుండా సర్ది, పైన పేపర్ వెయిట్ పెట్టేవాడు. పొద్దున వచ్చే అకౌంట్స్ వాళ్లు అలవాటుపడి, వాడికి సెలవొస్తే ఇబ్బంది పడేవాళ్లు.

సంక్రాంతికి మీ అమ్మ సెక్యూరిటీ వాళ్లందరికీ అరిసెలు పంపింది. లోపలికి వచ్చే ప్రతి వస్తువూ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. బాబాయ్ 'అరిసెలు, స్టీలు డబ్బా 1' అని రాసుకుని, "రిటర్నబులా, నాన్ రిటర్నబులా?" అని అడిగారు. డబ్బా రిటర్నబుల్, అరిసెలు కావన్నాను. ఒకే వస్తువుని రెండు రకాలుగా రాయడానికి గడి లేదు. చాలాసేపు ఆలోచించి రెండు లైన్లుగా రాశారు. పొద్దున నేను వెళ్తుంటే డబ్బా మూత తీసి చూసి, 'డబ్బా మాత్రమే' అని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఇది చెప్తే మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ బాబాయే ఒక రాత్రి రౌండ్స్‌లో సర్వర్ రూమ్ బయట సీలింగ్ మీద చిన్న తడి మరక చూశారు. ఏసీ పైపు కారుతోంది. ఇంకాసేపయితే నీళ్లు మెషీన్ల మీద పడేవి. అంతకుముందే అటుగా వెళ్లినవాళ్లు ఎవరూ తల ఎత్తి చూడలేదు.

నిన్నటి సంగతికి చట్టంలోనూ ఆధారం ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ పెట్టారు. మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్సతో పాటు గుర్తింపు కార్డులు పరిశీలించడం కూడా అందులో ఒక పాఠం. ముఖం తెలుసు కదా అని నిన్ను వదిలేస్తే, రేపు ఉద్యోగం మానేసినవాడు కూడా తెలిసిన ముఖంతోనే వస్తాడు. నిన్ను ఆపిన మనిషి ఉన్న బిల్డింగ్‌లో నువ్వు రాత్రంతా పనిచేస్తున్నావంటే ఇక్కడ నాకు నిద్ర పడుతుంది.

ఇంకొకటి. మీ క్యాబ్‌లో ముందు సీట్లో ఒక గార్డు వస్తాడన్నావు కదా. చివరగా నిన్ను దింపాక ఆయన మళ్లీ అంత దూరం ఆఫీసుకి వెళ్లాలి. ఫ్లాస్కులో టీ తీసుకెళ్తావు, ఆయనకీ ఒక కప్పు పొయ్యి. దారంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకోకు. ఏ ఊరో అడుగు, ఇంట్లో ఎవరెవరున్నారో అడుగు. పలాస వైపు మనిషైతే ఆదివారం నాకు ఫోన్ కలిపి ఇవ్వు, బాబాయ్ వాళ్ల ఊరి సంగతులు నేనే అడుగుతాను.

ఆశీస్సులతో,
నాన్న