పిన్ను తీయని రిపోర్టు: మీ విశాఖపట్నం ఆసుపత్రిపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
11 ఆగస్టు 2025.

మేనేజింగ్ డైరెక్టరు గారికి,

విషయం: జూలై 3, 16 తేదీల్లో మీ విశాఖపట్నం ఆసుపత్రిలో మా అక్కకు రాసిన అనవసరపు పరీక్షలు, మందుల గురించి.

అయ్యా,

పర్లాకిమిడిలో ఒక బియ్యం మిల్లులో ముప్పై నాలుగేళ్లు పద్దులు రాసి రిటైరైన గుమాస్తాను నేను. వైద్యం నాకు తెలియదు. బిల్లు చదవడం తెలుసు. మీ ఆసుపత్రి ఇచ్చే ప్రతి కాగితం మీద తేదీతోపాటు గంట, నిమిషం కూడా అచ్చయి ఉంటాయి. మీ కంప్యూటర్ చేసిన ఆ ఉపకారం వల్లే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

జూలై 3న మా అక్క మందుల బిల్లు 11 గంటల 22 నిమిషాలకు అయింది. రక్తం తీసింది 11.47కు. ఎక్స్‌రే 12.15కు, ఎం.ఆర్.ఐ. 1.05కు. రక్తపరీక్ష ఫలితాలు సాయంత్రం 4.10కి వచ్చాయి. అంటే ఎనిమిది రకాల మందులు కొని సంచిలో వేసుకున్నాక, అవి అవసరమో కాదో తేల్చవలసిన పరీక్షలు మొదలయ్యాయి. ధాన్యం తూచకుండా చీటీ రాసిన గుమాస్తా మా మిల్లులో మర్నాటికి ఉండేవాడు కాదు.

మా అక్కకు అరవై ఆరేళ్లు. ఎనిమిదేళ్లుగా రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. అది తప్ప జబ్బు లేని మనిషి. రెండేళ్లుగా మోకాళ్లు నొప్పి. జూన్ నెలలో మీ సంస్థ మా ఊరి కల్యాణ మండపంలో ఉచిత వైద్య శిబిరం పెట్టింది. తెలుగులో అచ్చు వేసిన కరపత్రాలు పంచారు. ఆ తెలుగే మా అక్కను పట్టేసింది. 1936లో రాష్ట్రాల గీత గీసినప్పుడు పర్లాకిమిడి ఒరిస్సా వైపు పడింది. సంతలో ఒడియాలో బేరమాడి రెండు రూపాయలు తగ్గించుకు వచ్చే మనిషే గాని, నొప్పి చెప్పుకోవాలంటే మా అక్కకు తెలుగే కావాలి. మోకాలు ‘కలుక్కుమంటోంది’ అంటే అర్థమయ్యే డాక్టరు దొరికాడని సంబరపడింది. శిబిరంలో మీ ప్రతినిధి ఫోను నంబరు రాసుకుని, విశాఖ వస్తే వరుసలో నిలబడనక్కర్లేదని మాట ఇచ్చాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

బావగారూ ఆవిడా గుణుపురం రైలెక్కి విశాఖ వెళ్లారు. డాక్టరు గారు మోకాలు ముట్టుకోలేదని బావగారు చెప్పారు. మూడు నిమిషాల్లో ఒక చేత్తో మందుల చీటీ, ఇంకో చేత్తో పరీక్షల చీటీ అందాయి. సంప్రదింపు రుసుము 600, రెండు మోకాళ్ల ఎక్స్‌రే 900, ఎం.ఆర్.ఐ. 11,000, రక్తపరీక్షల ప్యాకేజీ 4,350, మందులు 3,280. మొత్తం 20,130 రూపాయలు. వరి నాట్ల కూలీలకని దాచిన డబ్బు అది. బావగారు ఒక్క ప్రశ్న వేయలేదు. పైగా ‘ఎంత శ్రద్ధగా చూశారో, ఒక్క పరీక్ష కూడా వదలలేదు’ అని వీధిలో చెప్పుకున్నారు. మా వాళ్ల అమాయకత్వం మీకు చెప్పాలని కాదు, మీ డాక్టరుకు ఎంత నమ్మకం అప్పనంగా దొరికిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

రక్తపరీక్షల రిపోర్టు వచ్చేసరికి డాక్టరు గారు వెళ్లిపోయారు. వచ్చేసారి తెమ్మని కవరులో పెట్టి పిన్ను కొట్టి ఇచ్చారు. మా అక్క దాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. రోజూ పూజ చేసేటప్పుడు వేలికి అంటిన కుంకుమ దానికీ కాస్త అంటేది.

జూలై 16న నేను వెంట వెళ్లాను. కుంకుమ మరకల కవరు మా అక్క రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. డాక్టరు గారు దాన్ని మోచేత్తో పక్కకు జరిపి, ఆ జాగాలో చీటీల పుస్తకం పెట్టుకున్నారు. ఎక్స్‌రే మాత్రం దీపానికి ఎదురుగా ఎత్తి చూశారు, కాదనను. ‘అరుగుదల’ అన్నారు. కాళ్లు బిగుస్తున్నాయని, మట్టెలు తీద్దామన్నా రావడం లేదని మా అక్క చెప్పింది. మూత్రం ఎక్కువగా పోవడానికి ఇంకో మాత్ర కలిపారు. ఎనిమిది తొమ్మిదయ్యాయి. రక్తపరీక్షలన్నీ ‘తాజాగా’ మళ్లీ చేయించమన్నారు. నెలకు సరిపడా మందులు 6,940, పరీక్షలు 4,350, రుసుము 600. మరో 11,890 రూపాయలు. రెండుసార్లకూ కలిపి 32,020.

ఆ రోజూ మందులు ముందు, రిపోర్టు సాయంత్రం. ఆ కవరునూ పిన్నుతోనే ఇంటికి తెచ్చాం. నేనూ విప్పలేదు. డాక్టరు చూడవలసిన కాగితం మనం ముట్టుకోకూడదన్న భయం నాలోనూ ఉంది.

జూలై 21 ఉదయం మా అక్క మంచం దిగబోయి కళ్లు తిరిగి కూలబడింది. రెండు కవర్లూ, మందుల సంచీ పట్టుకుని మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అక్కడి డాక్టరు ముందు పాదం మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూశారు. తరవాత మోకాలు వంచి చూశారు. ఆ తరవాత రెండు పిన్నులూ తీశారు.

మొదటి రిపోర్టులో క్రియాటినిన్ 1.0. పదమూడు రోజుల తరవాత రెండో రిపోర్టులో 1.4. హద్దు దాటిందని మీ ప్రయోగశాలే ఆ అంకెను నల్లగా, లావుగా అచ్చు వేసింది. మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చెప్పే అంకె అదని డాక్టరు చెప్పారు. మీ ప్యాకేజీ మొత్తంలో మా అక్కకు నిజంగా పనికొచ్చే అంకె అదొక్కటే. జూలై 16 సాయంత్రం ఆ రిపోర్టు వచ్చాక మీ ఆసుపత్రిలో ఒక్కరు చూసినా మాకు ఫోను వచ్చి ఉండేది. శిబిరానికి రమ్మని నాలుగుసార్లు మోగిన నంబరే కదా.

ఇక మందులు. పెద్ద అక్షరాల బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేర్లను ఆ డాక్టరు నాతో చదివించారు. అసిక్లోఫెనాక్ నొప్పి మందు. ఎటోరికాక్సిబ్ కూడా నొప్పి మందే, అదే జాతి. రెండూ కలిపి రోజూ, అదీ రక్తపోటు ఉన్న అరవై ఆరేళ్ల మనిషికి. ఈ జాతి మందులు రక్తపోటు పెంచుతాయి, ఒంట్లో నీరు నిలుపుతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. అవి తెచ్చిన వాపుకే మీరు తొమ్మిదో మాత్ర ఇచ్చారు. కొన్ని రకాల రక్తపోటు మాత్రలతో నొప్పి మందు, నీరు తోడే మాత్ర కూడా కలిస్తే మూత్రపిండాలకు మరీ ముప్పట. ఆమ్లం తగ్గించడానికి రాబిప్రజోల్ ఒకటి, అదే పనికి పాంటోప్రజోల్ ఇంకొకటి. ప్రీగాబలిన్ మత్తుగా ఉంచుతుంది, తల తిప్పుతుంది. గ్లూకోసమైన్ వల్ల మోకాళ్లకు ఒరిగేదేమీ పెద్దగా లేదట. అన్నిటికంటే ఖరీదైనది మాత్రం అదే. విటమిన్ డి పరీక్షకు డబ్బు తీసుకున్నారు సరే, ఆ ఫలితం రాకముందే విటమిన్ డి పొడి ఎలా రాశారు?

ఉద్దానం మాకు ఎంతో దూరం లేదు. కవిటి, సోంపేట వైపు మాకు బంధువులున్నారు. కారణం ఇంతవరకు తేలని మూత్రపిండాల జబ్బుతో అక్కడ ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో కళ్లారా చూసినవాళ్లం. విశాఖలో కూర్చుని వైద్యం చేసే మీకు ఈ సంగతి నేను చెప్పవలసి రావడం విడ్డూరం.

షుగరు పరీక్ష గురించి కూడా ఒక మాట. గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ అనేది సుమారు మూడు నెలల సగటు చెబుతుందట. మా అక్కకు షుగరు లేదు. జూలై 3న 5.5 వచ్చింది. పదమూడు రోజులకు మళ్లీ చేశారు. మళ్లీ 5.5. దాన్ని ‘తాజా’ అనడానికి అదేమైనా కూరగాయా?

మా డాక్టరు ఆ సంచిలోంచి రక్తపోటు మాత్ర ఒక్కటి ఉంచి, మిగిలినవన్నీ ఆపించారు. నొప్పి భరించలేనప్పుడు మాత్రమే పారాసిటమాల్, రోజూ కాలు చాచి పది లెక్కపెట్టే వ్యాయామం చెప్పారు. ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. ఆటో ఖర్చే మాకైంది. ఆగస్టు 8న మళ్లీ చూస్తే క్రియాటినిన్ 1.1కి దిగింది. మట్టెలు వేలి మీద తిరుగుతున్నాయి. మోకాళ్ల నొప్పి ఉంది, అది ఉంటుందని ఆయన ముందే చెప్పారు.

మందులు అసలు పేర్లతో, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2016 నుంచి చెబుతోంది. మీ చీటీలో నాకు అర్థమైనది తేదీ ఒక్కటే. మందులు ఎక్కడ కొనుక్కోవాలో, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో రోగి ఇష్టమని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. మీ మందుల దుకాణంలో ‘ఇవి బయట దొరకవు’ అన్నారు. ఆ బ్రాండ్లు నిజంగానే మా ఊళ్లో దొరకవు. అవే మందులు అసలు పేర్లతో జన ఔషధి దుకాణంలో ఉన్నాయి. ధర అడిగి వచ్చాను, మీ బిల్లులో నాలుగో వంతు కూడా లేదు.

మందుల కంపెనీలు డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం నియమావళి ప్రకటించింది. మీ డాక్టరు ఏమైనా పుచ్చుకున్నారని నేను అనడం లేదు. నా దగ్గర ఆధారం లేదు, ఆధారం లేని పద్దు నేను రాయను. ఒక్కటి అడుగుతాను: నెలకు ఇన్ని ఎం.ఆర్.ఐ.లు, ఇన్ని ప్యాకేజీలు రాయాలని మీ సంస్థ డాక్టర్లకు లెక్క పెట్టిందా? లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పండి.

మోకాలు ముట్టుకోకుండా, ఎక్స్‌రే చూడకముందే రాసిన ఎం.ఆర్.ఐ. ఖర్చు 11,000, మొదటి రిపోర్టు విప్పకుండా రెండోసారి చేయించిన పరీక్షల ఖర్చు 4,350, కలిపి 15,350 రూపాయలు వాపసు చేయాలి. వాడని మందుల షీట్లు కత్తిరించకుండా ఉన్నాయి, తీసుకుని వాటి డబ్బూ ఇవ్వాలి. ఆ రెండు నొప్పి మందులు కలిపి ఎందుకు రాశారో మీ సంస్థలోని వేరే డాక్టరు చేత సంతకంతో జవాబు ఇప్పించాలి. డబ్బు పంపి జవాబు మానేస్తే ఈ ఫిర్యాదు ముగిసినట్టు కాదు.

ముప్పై రోజులు చూస్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అయిదు లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. సరిహద్దు అవతలివాళ్లు విశాఖ దాకా ఏం వస్తారులే అనుకోవద్దు. వాయిదాలకు మీరే పర్లాకిమిడి రావలసి ఉంటుంది.

బిల్లులు, చీటీలు, రిపోర్టుల నకళ్లు దీనితో పంపుతున్నాను. కుంకుమ మరకల కవరు, పిన్నుతో సహా, నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
రోగి తమ్ముడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.